మొరియెన్ లోయ, దాని కనుమలు

కనుమ అను మాట మనకు క్రొత్తది కాదు. తూర్పు కనుమలు, పడమటి కనుమలు అని చిన్ననాడే భూగోళ పాఠములో వల్లించితిమి. అయితే కొండల బారునకే ఆ పేరు పెట్టుకొనుటచేత, కనుమ యనగా రెండు కొండల నడుమ కొంచెము వంగి మనుష్యునకు దారి యిచ్చు చోటు అను సంగతి మనము కొంత మరచితిమి. ఆల్ప్సు పర్వతములలోని జనులు దానిని మరువలేదు. ఫ్రెంచి భాషలో కనుమకు ‘కోల్’ అని పేరు. మెడ అను అర్థము గల లాటిను మాటనుండి అది పుట్టినది. కొండ తల నెక్కువారి కథలు మనము చాల వినియున్నాము. ఈనాడు మేము చెప్పబోవునది కొండ మెడను దాటువారి సంగతి, అందులోను సైకిలుపై దాటువారి సంగతి.

ఫ్రాన్సు దేశపు ఆగ్నేయ దిశలో, ఇటలీ సరిహద్దునకు ఆనుకొని సావోయ్ అను సీమ కలదు. 1860 వరకు అది ఫ్రాన్సులోనిది కాదు, సార్డీనియా రాజ్యములోనిది. ఆ సీమలో ఆర్క్ అను నది మంచుకొండలలో పుట్టి, వింటిబద్దవలె వంగి, నూరు కిలోమీటర్లకు పైగా పారి ఇజేర్ నదిలో కలియుచున్నది. ఈ ఆర్క్ నది త్రవ్వుకొన్న లోయయే మొరియెన్.

ఉన్నమాట ముందే చెప్పవలెను. రంగుల క్యాలెండరులలో చూచిన ఆల్ప్సును తలచుకొని ఈ లోయలో దిగినవానికి మొదట ఆశాభంగము కలుగును. లోయ అడుగు ఇరుకు. ఆ ఇరుకులోనే నది, రైలుమార్గము, పాత రాజమార్గము, క్రొత్త మోటారు రహదారి, విద్యుత్తు తీగల స్తంభములు ఒకదానినొకటి ఒరసికొనుచు పోవుచుండును. జారిపడు నీటినుండి విద్యుత్తు చౌకగా దొరకుటచేత ఇరువదవ శతాబ్ది ఆరంభముననే ఇచ్చట అల్యూమినియము కర్మాగారములు వెలసినవి. సాన్ జాన్ పట్టణములో 1907లో స్థాపించిన కర్మాగారము నేటికిని పనిచేయుచున్నది. లారీల రొదయు, పొగగొట్టములును గల ఈ లోయకు సైకిలు యాత్రికులు ప్రపంచపు నలుమూలలనుండి ఏల వచ్చుచున్నారు? లోయ కొరకు కాదు, లోయనుండి పైకి పోవు దారుల కొరకు.

ఆ దారులు ఒకటి రెండు కావు. లోయ నోటినుండి ఎగువకు పోవుచుండగా ఎడమవైపు మద్లేన్ కనుమ, కుడివైపు గ్లాందోన్, క్రువా ద ఫేర్ కనుమలు. మరికొంత ఎగువకు పోయిన పిమ్మట కుడివైపున టెలిగ్రాఫ్, దాని వెనుక గాలిబియే. ఇటలీ వైపు మోన్ సెనీ. లోయ కొసను ఇజెరాన్. మద్లేన్, క్రువా ద ఫేర్ సుమారు రెండువేల మీటర్ల ఎత్తున ఉన్నవి. గాలిబియే ఎత్తు 2,642 మీటర్లు. ఇజెరాన్ ఎత్తు 2,764 మీటర్లు. ఆల్ప్సులో తారురోడ్డు గల కనుమలలో అంతకంటె ఎత్తయినది లేదు. మన అరకులోయ సముద్రమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నదనుకొనినచో, శ్రోతలు తక్కిన లెక్క తామే కట్టుకొనగలరు. సైకిలుకు అనువైన సీమలలో ప్రపంచమున తమదే పెద్దదని మొరియెన్ వారు చాటుకొనుచుందురు. కొలిచి చూచినవారము కాము గనుక ఆ మాటను వారికే విడిచిపెట్టుచున్నాము.

మోన్ సెనీ కనుమకు మన దేశముతో పూర్వము ఒక బంధుత్వము కలదు. ఏనుగులతో ఆల్ప్సు దాటిన హనిబాలు ఈ దారినే పోయెనా, ప్రక్క దారిని పోయెనా అని పండితులు నేటికిని తగవులాడుకొనుచున్నారు. మేము చెప్పునది ఆ బంధుత్వము కాదు. నెపోలియను ఈ కనుమమీదుగా బండ్లు పోదగిన రోడ్డు వేయించెను. తరువాత ఫెల్ అను ఇంగ్లీషు ఇంజనీరు ఆ రోడ్డు అంచునే రైలు నడుపవచ్చునని నిరూపించెను. ఏటవాలుపై చక్రములు జారకుండుటకు రెండు పట్టాల నడుమ ఎత్తుగా మూడవ పట్టా వేసి, దానిని ఇరువైపులనుండి అడ్డచక్రములు పటకారువలె పట్టుకొనునట్లు ఏర్పాటు చేసెను. 1868లో సాన్ మిషెల్ అను ఊరినుండి ఇటలీలోని సూసా వరకు 77 కిలోమీటర్ల మేర ఆ రైలు నడిచినది. 1871లో కొండ క్రింద పండ్రెండు కిలోమీటర్లకు పైగా పొడవుగల ఫ్రేజూ సొరంగము తెరచిన వెంటనే దాని పని తీరిపోయినది. ఆపైన లండనునుండి హిందూదేశమునకు వచ్చు టపాసంచులు ఈ లోయలోనుండి, ఈ సొరంగములోనుండి ఇటలీ కొసనున్న బ్రిండిసీ రేవునకు చేరి, అచ్చట ఓడ ఎక్కి బొంబాయికి వచ్చుచుండెడివి. మదరాసు రాజధానికి రావలసిన ఉత్తరములును ఆ సంచులలోనివే. ఎనుబది దినములలో భూమిని చుట్టివచ్చిన ఫిలియాస్ ఫాగ్ కథను చదివినవారికి జ్ఞాపకముండును: లండనునుండి సూయెజుకు మోన్ సెనీ, బ్రిండిసీల మీదుగా ఏడు దినములని జూల్ వెర్న్ లెక్కకట్టెను. ఆ లెక్కలోని మోన్ సెనీ ఇదియే.

ఇంక సైకిలు సంగతి. ఈ కనుమలపై సైకిలు త్రొక్కుట మొదట పందెగాండ్రు కనిపెట్టిన విద్య కాదు. సాన్ ఎతియెన్ అను పట్టణములో పాల్ ద వివీ అను ఆయన ఉండెను. 1853లో పుట్టి 1930లో గతించెను. వెలోసియో అను కలముపేరుతో ఒక సైకిలు పత్రికను నడిపెను. మాంసాహారము విడిచినవాడు, ఎస్పరాంతో భాషాభిమాని. కొండదారికి ఒక పళ్ళచక్రము, మైదానమునకు మరియొకటి ఉండవలెననియు, త్రొక్కుచుండగానే గొలుసును ఒకదానినుండి మరొకదానికి మార్చుకొనవచ్చుననియు ఆయన తన జీవితమంతయు వాదించెను. ఆకలి వేయక ముందే తినుము, దాహము వేయక ముందే త్రాగుము, గొప్పకు పోయి త్రొక్కకుము అని యాత్రికులకు హితవు చెప్పెను. ఈ మూడవ హితవును మేము ప్రక్కన బెట్టిన ఒక మధ్యాహ్నమును గురించి కొంచెము తరువాత చెప్పెదము.

ఆయనకు ప్రతివాది ఆన్రీ దెగ్రాంజ్. ఫ్రాన్సు దేశమును చుట్టివచ్చు ‘తూర్ ద ఫ్రాన్సు’ పందెమును 1903లో ఆరంభించినది ఇతడే. గేరు మార్చుకొను సాధనము ముసలివారికేగాని మగవారికి తగదని ఇతని నమ్మకము. 1911లో ఈయన పందెమును మొదటిసారి గాలిబియే కనుమమీదుగా నడిపెను. మట్టిరోడ్డు, ఇరువైపుల మంచుగోడలు, ఒకేయొక గేరు గల బరువైన సైకిళ్ళు. చాలమంది దిగి సైకిలును నెట్టుకొనుచు నడిచిరి. ఎమీల్ జొర్జే అనునతడు మొదట శిఖరము చేరెను. దిగి నడువనివారు అతనితో కలిపి ముగ్గురే యని చరిత్ర చెప్పుచున్నది. 1937 వరకు దెగ్రాంజ్ పందెములో గేరుమార్పునకు అనుమతి దొరకలేదు. వెలోసియో అప్పటికి చనిపోయి ఏడేండ్లయినది. నేడు గాలిబియే పైభాగమున, దక్షిణపు మలుపులో దెగ్రాంజ్ స్మారకము కలదు. దాని ప్రక్కనుండి పోవు ప్రతి సైకిలుకును వెలోసియో గేరులున్నవి. ఎవరు గెలిచిరో చెప్పవలసిన పనిలేదు.

మా యాత్రకు కారకులు మా బావగారు. మా పెద్దక్కయ్యను, బావగారిని ఉద్యోగధర్మము లియోన్ నగరమునకు కొనిపోయి చాల యేండ్లయినది. బావగారికి ఏబదియేడేండ్లు. రక్తపోటునకు మాత్ర వేసికొనుచుందురు. అయినను ప్రతి ఆదివారమును సైకిలు త్రొక్కుదురు. గాలిబియే ఎక్కకుండ ఉద్యోగవిరమణ చేయనని ఆయన ఒక పట్టు పట్టిరి. అక్కయ్య మాకు ఉత్తరము వ్రాసినది: “ఆయన ఒక్కరినీ పంపను. నువ్వు వచ్చి వెంట వెళ్తానంటేనే ఒప్పుకుంటాను.” మేము ఆరు నెలలు అనంతగిరి ఘాటురోడ్డుపై అభ్యాసము చేసి, సెలవు పెట్టి, ఆగస్టు మాసములో లియోన్ చేరితిమి. మాకు ఒక దుకాణములో సైకిలు అద్దెకు తీసికొంటిమి. చూచుటకు క్రొత్తది, మెరయుచున్నది. టైర్లలో గాలి చూచితిమి, గేర్లు మార్చి చూచితిమి. చూడవలసినది మరియొకటి యుండగా చూడమైతిమి.

లియోన్ వైపునుండి సాన్ మిషెల్ వరకు రైలులో సైకిళ్ళతో పోవచ్చును. ఈ రైలుమార్గమునకు 2023 ఆగస్టు 27న పెద్ద ఆపద వచ్చినది. లోయలో కొండచరియ విరిగి పట్టాలపై పడినది. 2025 మార్చి 31 వరకు ఈ మార్గమున ఫ్రాన్సు ఇటలీల నడుమ రైళ్ళు నడువలేదు. లోయవాసులు కొండను ప్రేమింతురుగాని నమ్మరని మాకప్పుడు అర్థమైనది.

సాన్ మిషెల్ సుమారు 710 మీటర్ల ఎత్తున ఉన్నది. అచ్చట నది దాటగానే టెలిగ్రాఫ్ కనుమ దారి మొదలగును. పండ్రెండు కిలోమీటర్ల దూరములో సుమారు 850 మీటర్లు పైకి పోవలెను. అనగా నూరు మీటర్ల దారికి ఏడు మీటర్ల ఎత్తు. ఆ పేరెక్కడిదని అడుగవచ్చును. విద్యుత్తు తంతి పుట్టకముందే కొండ కొమ్ములపై స్తంభములు నిలిపి, వాని చేతులను అటునిటు త్రిప్పి సైగలతో వార్త పంపు విధానమును షాప్ అను ఫ్రెంచివాడు కనిపెట్టెను. లియోన్ నుండి మిలాను వరకు పోయిన ఆ సైగల బారులో ఈ కొండ యొక మజిలీ. దారి పొడవునను దేవదారు వృక్షముల నీడ. కిలోమీటరునకొక గురుతురాయి, దానిపై మనమున్న ఎత్తు, రాబోవు కిలోమీటరు వాలు వ్రాసియుండును. ఈ రాళ్ళు మేలో కీడో మేము తేల్చుకొనలేకపోతిమి. ఆరు అని యున్నచోట కాళ్ళు తేలికపడును. తొమ్మిది అని చదివినంతనే, ఇంకను ఎక్కకముందే, మోకాళ్ళు నొప్పిపెట్టును.

శరీరము చేయు పని యెంత? మనిషి, సైకిలు, మూట కలిసి 95 కిలోలనుకొందము. సాన్ మిషెల్ నుండి గాలిబియే వరకు ఎక్కవలసిన ఎత్తు, నడుమ దిగుడు పోగా మరల ఎక్కునదికూడ కలిపి, దాదాపు 2,100 మీటర్లు. ఆ బరువును ఆ ఎత్తునకు లేపుటకు కావలసిన శక్తి సుమారు 470 కిలోకాలరీలు. కాని మన కండరములు తిన్నదానిలో నాలుగవ వంతునే పనిగా మార్చగలవు. కావున పందొమ్మిది వందల కిలోకాలరీల వరకు ఖర్చగును. ఒక మనిషి దినమంతయు తిను తిండిలో అది పెద్దభాగము. ఆ ఊరివారు ఈ ఖర్చునకు రొట్టె, బోఫోర్ అను గట్టి జున్ను తినుచుందురు. అది దూడ కడుపునుండి తీసిన తోడుతో చేయుదురని తెలిసిన దినమునుండి బావగారు దానిని ముట్టరు. అక్కయ్య కట్టియిచ్చిన పులిహోర, సున్నుండలు మా సంచులలో ఉండెను. కొండ ఎక్కుటకు సున్నుండను మించిన తిండి ఫ్రాన్సులో మాకు కానరాలేదు. పిండి, బెల్లము, నెయ్యి; జేబులో పట్టును, చెడదు.

టెలిగ్రాఫ్ దాటి ఐదు కిలోమీటర్లు దిగినచో వల్వార్ గ్రామము. శీతకాలమున మంచుపై జారు ఆటలకు, వేసవిలో సైకిళ్ళకు అది ఆశ్రయము. అచ్చటినుండి గాలిబియే పదునెనిమిది కిలోమీటర్లు. మొదటి పది కిలోమీటర్లు లోయ వెంబడి సాగును. చెట్లు క్రమముగ తరిగి, పచ్చికబయళ్ళు, ఆవుల మెడగంటలు మిగులును. ప్లాన్ లషా అను చోట లోయ మూసికొనిపోయినట్లు తోచును. ఒక వంతెన, ఒక చిన్న పూటకూటి యిల్లు. అచ్చట రోడ్డు హఠాత్తుగా కుడివైపునకు తిరిగి కొండగోడ నెక్కును. మిగిలిన ఎనిమిది కిలోమీటర్లలో 680 మీటర్లు లేవవలెను. కష్టమంతయు అచ్చటనే.

మేము ప్లాన్ లషా చేరునప్పటికి మధ్యాహ్నము రెండు గంటలు దాటినది. ఆలస్యమునకు కారణము మేమే. ఉదయము రైలు ఒకటి తప్పించుకొంటిమి. పైన ఆకాశము సిరా ఒలికినట్లు ఉండెను. ఆల్ప్సులో వేసవి మధ్యాహ్నములందు ఉరుముల వాన సామాన్యము; అందుచేతనే తెల్లవారుజామున బయలుదేరవలెనని అందరును చెప్పుదురు. పైనుండి దిగివచ్చుచున్న ఒక యువతి సైకిలాపి, తడిసిన చేతి తొడుగులు పిండుకొనుచు, పైన వడగండ్లు పడుచున్నవని చెప్పి పోయినది.

“ఏమోయ్, ఇంక ఎనిమిది కిలోమీటర్లే కదా. ఇంత దూరం వచ్చి వెనక్కి పోతామా?” అనిరి బావగారు.

“బావగారూ, ఎనిమిది కిలోమీటర్లంటే మనకు గంటన్నర. పైన చెట్టు లేదు, చూరు లేదు. రేపు పొద్దున్నే వద్దాం” అంటిమి.

“రేపు నాకు మోకాళ్ళు సహకరిస్తాయో లేదో ఎవరు చూశారు? నువ్విక్కడే కూర్చో, నేను వెళ్ళొస్తాను.”

“మీరు వెళ్తే నేనూ వస్తాను. అక్కయ్యకు మాట ఇచ్చాను కదా. కానీ తరవాత ఆవిడకు మీరే చెప్పాలి.”

ఆయన మాటాడక ముందుకు కదలిరి. మేమును వెంబడించితిమి. నిజము చెప్పవలెనన్న, మాకును లోలోపల పోవలెననియే ఉండెను. ఇంటికి తిరిగివచ్చిన తరువాత మిత్రులతో చెప్పుకొనవచ్చునను ఆశ. వెలోసియో మూడవ హితవు అదియే గదా. మొదటి మూడు మలుపులు ఎక్కితిమి. గాలి చల్లబడెను. ఎత్తు వేయి మీటర్లు పెరిగిన ఉష్ణము ఆరు ఏడు డిగ్రీలు తగ్గుట ప్రకృతి. దానికి తడి తోడైనచో చేతివేళ్ళు బ్రేకును పిసుకలేవు. నాల్గవ మలుపులో పిడుగు శబ్దము వినవచ్చెను. అప్పుడు మాకొక సంగతి జ్ఞప్తికి వచ్చి చెప్పితిమి: “2019లో ఇజెరాన్ మీద ఏమయిందో మీరే కదా టీవీలో చూసి నాకు ఫోనులో చెప్పారు!”

ఆ సంగతి శ్రోతలకును చెప్పవలెను. 2019 జూలై 26న తూర్ పందెము ఈ లోయ గుండా వచ్చి ఇజెరాన్ ఎక్కినది. కొలంబియా యువకుడు ఏగన్ బెర్నాల్ శిఖరము ముందుగా దాటి దిగుచుండెను. ఆవలి లోయలో వడగండ్లు పడి, బురద విరిగి రోడ్డును కప్పివేసినది. నిర్వాహకులు పందెమును నడుమనే నిలిపివేసి, కనుమపై ఎవరు ఎప్పుడు దాటిరో ఆ కాలమునే లెక్కలోనికి తీసికొనిరి. ఆ యేటి విజయము బెర్నాల్‌దే అయినది. 1996లోను ఇట్లే మంచు, గాలి కారణముగా ఇజెరాన్, గాలిబియే రెంటిని పందెమునుండి తొలగించిరి. లోకమునకెల్ల మేటియైన సైకిలువీరులు, వెంట వైద్యులు, మోటారుబండ్లు ఉండియు, ఆగిన చోటు ఇది.

బావగారు ఒక కాలు నేలపై మోపి నిలిచిరి. చాలసేపు పైకి చూచిరి. “సరే పద” అని సైకిలు త్రిప్పిరి. ఆయన ముఖము మేము చూడలేదు, చూడవలెనని అనిపించలేదు.

దిగుడులో వాన పట్టుకొనినది. రెండు కిలోమీటర్లు దిగునప్పటికి మా వెనుక చక్రమునుండి ఇనుమును ఇనుముపై రాచినట్లు కర్కశమైన చప్పుడు వచ్చెను. బ్రేకుమర హ్యాండిలు వరకు వచ్చి తగులుచున్నదిగాని బండి ఆగదు. ముందు బ్రేకు మాత్రము ఉన్నది. అదియు చప్పుడు చేయ నారంభించెను. ఒక మలుపులో రోడ్డు వెలుపలికి, పచ్చికలోనికి పోయి నిలిచితిమి. దెబ్బ తగులలేదు. అడుగు ప్రక్కగా పచ్చికకు బదులు రాతిగట్టు ఉండెను. అచ్చటినుండి వల్వార్ వరకు దిగి నడిచితిమి. బావగారును తన బండి దిగి, వానలో, మాతో నడిచిరి.

వల్వార్‌లో సైకిళ్ళు బాగుచేయు ఒక పెద్దాయన చక్రము విప్పి, ప్యాడ్లను మా అరచేతిలో పెట్టెను. బిళ్ళపై ఉండవలసిన పదార్థము అరిగిపోయి, ఇనుపరేకు మెరయుచుండెను. ఇవి నేడు అరిగినవి కావని ఆయన మాటలలో బావగారికి అర్థమైనది. అద్దె దుకాణమువారు చూడలేదు, మేమును చూడలేదు. తప్పు సగము సగము. మేము ఆరు గంటల దారిని కొండమీదికి బయలుదేరిరి మనుకొనినచో తెలియును: ఎక్కునప్పుడు మనము కూడబెట్టిన శక్తి అంతయు దిగునప్పుడు ఎక్కడికో పోవలెను. కొంత గాలికి పోవును. తక్కినది బ్రేకులలో వేడియగును. ఇందాక లెక్కవేసిన 470 కిలోకాలరీలు ఆరు లీటర్ల చన్నీటిని మరగించుటకు చాలును. గాలిబియే పైననే ఆ ప్యాడ్లు పూర్తిగా అరిగియుండినచో, ఏమయ్యెడిదో ఆ రాత్రి మేమిద్దరమును మాటాడుకొనలేదు. బావగారు మాత్రము పడుకొనబోవుచు, “నువ్వు ఆ నాలుగో మలుపులో నోరు తెరవకపోతే...” అని, వాక్యము పూర్తిచేయక దీపమార్పిరి.

మరునాడు తెల్లవారుజామున ఐదున్నరకు బయలుదేరితిమి. ఆకాశము కడిగిన పళ్ళెమువలె ఉండెను. ప్లాన్ లషా దాటి, నిన్నటి నాల్గవ మలుపును దాటి, ఊపిరి లెక్కపెట్టుకొనుచు ఎక్కితిమి. మా సైకిలునకు ముందు 34 పళ్ళు, వెనుక పెద్ద చక్రమునకును 34 పళ్ళు. పెడలు ఒక చుట్టు తిరిగిన చక్రమును ఒక చుట్టే తిరుగును. మన ఊళ్ళలోని పాత సైకిలులో పెడలు ఒక చుట్టునకు చక్రము సుమారు రెండున్నర చుట్లు తిరుగును. ఆ బండితో ఈ దారి నెక్కినవాని మోకాలు ఇంటికి చేరదు. కనుమ క్రింద, 2,556 మీటర్ల ఎత్తున, 1891 నాటి సొరంగ మొకటి కలదు. 1976 వరకు దారి దానిగుండానే పోవుచుండెను. అది శిథిలమగుటచేత మూసి, కొండ నడినెత్తిపైనుండి రోడ్డు వేసిరి. 2002లో సొరంగమును మరల తెరచిరిగాని సైకిళ్ళకు అందులో ప్రవేశము లేదు. మోటారువారు కొండలోనుండి పోవుదురు. సైకిలువారు మిగిలిన కిలోమీటరు పైకి పోవలెను. ఆ కిలోమీటరు అన్నిటికంటె నిటారు.

బావగారు మాకంటె ముందు చేరిరి. ఎత్తును చెప్పు ఫలకము ప్రక్కన ఫొటో తీయుటకు జనము వరుసకట్టి యుండిరి. ఆయన వరుసలో నిలువలేదు. దక్షిణముగా తెల్లని మేజ్ శిఖరము, ఉత్తరముగా దూరమున మోన్ బ్లాను. గాలిలోని ఒత్తిడి సముద్రతీరమున ఉండుదానిలో ముప్పాతిక వంతుకంటె తక్కువ. నాలుగు మాటలాడిన ఆయాసము వచ్చును. ఈ కనుమకు ఈవల పడిన వానచుక్క ఆర్క్‌లో పడి, ఇజేర్‌లో కలిసి రోన్ నదికి పోవును. ఆవల పడినది దురాన్స్ నదిగుండా, ఎంతో దక్షిణముగా చుట్టు తిరిగి, అదే రోన్ నదికి చేరును. ఈ సంగతి బావగారికి చెప్పబోతిమి. ఆయన రాతిపై కూర్చుండి ఫోనులో అక్కయ్యతో మాటాడుచుండిరి. “ఎక్కానే. మాత్ర వేసుకున్నానే. వాడు నిన్న నన్ను తిట్టాడే” అనుట వినబడెను. మేము తిట్టినట్లు మాకు జ్ఞాపకము లేదు.

ఇజెరాన్‌కు మేమిద్దరమును పోలేదు; సెలవు చాలలేదు. బొన్వాల్ గ్రామమునుండి పదుమూడు కిలోమీటర్ల ఎక్కుడు. ఆ రోడ్డును 1937 జూలై 10న అధ్యక్షుడు లెబ్రన్ ప్రారంభించెను. దానితో జెనీవా సరస్సునుండి మధ్యధరా సముద్రము వరకు సుమారు ఏడువందల కిలోమీటర్ల ఆల్ప్సు రాజమార్గము పూర్తియైనది. కనుమపైనున్న చిన్న గుడిలోని మేరీమాతకు ‘సమస్త జాగ్రత్తల మాత’ అను అర్థము గల పేరు పెట్టిరి. ఆ పేరు పెట్టినవారికి బ్రేకుల సంగతి బాగుగా తెలిసియుండును.

చిన్నదారులను ఇష్టపడువారు మోన్వెర్నియే మలుపులకు పోవచ్చును. 1928, 1934ల నడుమ కొండగోడను చెక్కి వేసిన దారి. మూడున్నర కిలోమీటర్ల లోపల పదునెనిమిది మలుపులు. పైనుండి చూచినచో పడవేసిన త్రాడువలె కానవచ్చును. తూర్ పందెము 2015లో గాని దానిని కనుగొనలేదు. క్రువా ద ఫేర్ పొడవైనదేగాని దయగలది. గ్లాందోన్ చివరి మూడు కిలోమీటర్లకు దయలేదు. ఈ కనుమలలో ఎత్తయినవి సామాన్యముగ జూన్ మొదలు అక్టోబరు వరకే తెరచియుండును. వేసవిలో కొన్ని ప్రొద్దులు మోటార్లను ఆపి సైకిళ్ళకే విడుతురు; పోవువారు ఆ తేదీలు ముందుగా విచారించుకొనుట మేలు.

తిరుగుదారిలో మేము వల్వార్ దాటి, టెలిగ్రాఫ్ నెక్కి, సాన్ మిషెల్‌కు దిగితిమి. రైలుకు రెండు గంటల వ్యవధి ఉండెను. ఆ ఊరిలో ఒక స్మారకము కలదు. 1917 డిసెంబరు 12 రాత్రి, ఇటలీ యుద్ధరంగమునుండి సెలవుపై ఇండ్లకు పోవుచున్న ఫ్రెంచి సైనికులు వేయిమంది వరకు మొదాన్ స్టేషనులో ఒక రైలెక్కిరి. పందొమ్మిది పెట్టెలు, ఒకేయొక ఇంజను. మొదటి మూడు పెట్టెలకు మాత్రమే గాలిబ్రేకులు ఉండెను. తక్కినవానికి చేతిబ్రేకులు, కొన్నిటికి అవియు లేవు. ఇట్టి బండిని ఈ వాలులో దింపరాదని ఇంజను డ్రైవరు సందేహించినను బండి కదలినది. మొదాన్‌కు సాన్ మిషెల్‌కు ఎత్తులో భేదము మూడువందల ఏబది మీటర్లు. గంటకు నలుబది కిలోమీటర్లతో తిరుగవలసిన మలుపునకు బండి నూట ముప్పది దాటిన వేగముతో వచ్చి పట్టాలు తప్పెను. కొయ్యపెట్టెలు అంటుకొనినవి. నాలుగువందలకు పైగా సైనికులు మరణించిరి. యుద్ధకాలమగుటచే పత్రికలలో వార్త దాదాపు అణచివేయబడినది. ఫ్రాన్సు రైళ్ళ చరిత్రలో అంతకంటె ఘోరమైనది మరొకటి లేదు.

బావగారు ఫలకముపై వ్రాతను ఒక్కొక్క పంక్తిగా తెలుగు చేసి చెప్పిరి. తరువాత మా చేయి చాపమని, జేబులోనుండి ఆ అరిగిన ప్యాడ్లు రెండును తీసి పెట్టిరి. వల్వార్ పెద్దాయన పారవేయబోగా తాను అడిగి పుచ్చుకొనిరట.

“దుకాణం వాడికి చూపించాలి కదా” అనిరి.

మరునాడు లియోన్‌లో చూపితిమి. దుకాణము యజమాని వానిని వెలుతురులో పట్టి చూచి, మా ముందే తక్కిన అద్దె సైకిళ్ళను ఒక్కొక్కటిగా గోడనుండి దింపి, చక్రములు విప్పుటకు కూర్చుండెను. మేము వచ్చునప్పటికి నాలుగవదానిని విప్పుచుండెను.